విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది కాబట్టి ఆఫీసులో సిస్టమ్‌లన్నీ మార్చేయాలా?

మీ ప్రశ్న ఇది. కూకట్‌పల్లిలో మీ నాన్నగారి ట్యాక్స్ కన్సల్టెన్సీ, మూడు డెస్క్‌టాప్‌లు, ఒక ల్యాప్‌టాప్, అన్నిట్లో విండోస్ 10. సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి అన్నీ తీసేసి కొత్తవి పెట్టాలని షాపాయన 1,68,000 కి కొటేషన్ ఇచ్చాడు. నాన్నగారేమో నడుస్తున్న వాటిని ఎందుకు కదిలించాలి అంటున్నారు. కాన్ఫిగరేషన్ కూడా పెట్టారు, మంచి పని చేశారు, అది లేకుండా ఎవరైనా సలహా ఇస్తే నమ్మొద్దు. రెండు డెస్క్‌టాప్‌లు ఐ5 8400, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఇంకోటి ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ. నాన్నగారు ఇంట్లో వాడే ల్యాప్‌టాప్ ఐ5 7200యూ, దాంట్లో ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా స్పీడుగా పనిచేసే డిస్క్) ఉంది.

సూటిగా చెప్తున్నా, నాలుగూ మార్చొద్దు. ఐ5 డెస్క్‌టాప్‌లు రెండిటికీ విండోస్ 11 ఫ్రీగానే వస్తది, వాటికి ఎస్ఎస్‌డీ వేయించండి చాలు. ల్యాప్‌టాప్‌ని 2026 అక్టోబర్ 13 దాకా ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ (సపోర్ట్ అయిపోయాక కూడా కొంతకాలం ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్స్) మీద నడపండి. ఐ3ని మాత్రం క్లయింట్ల పనిలోంచి తీసేసి దాని బదులు ఒక్కటి కొనండి. ఇట్లా చేస్తే షాపాయన చెప్పినదాంట్లో మూడో వంతు లోపే తేలిపోవాలి, అది కూడా ఆ కొనే ఒక్క సిస్టమ్ కొత్తది తీసుకుంటారా రీఫర్బిష్డ్ తీసుకుంటారా అన్నదాన్ని బట్టి.

ఇప్పుడు ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతది. నేను సికింద్రాబాద్ వైపు చిన్న ఆఫీసులకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) చూస్తాను, ఆడిటర్లు, డీటీపీ షాపులు, క్లినిక్‌లు ఇట్లాంటివి. ఎక్స్‌పీ నుంచి 7కి మారినప్పుడు, 7 నుంచి 10కి మారినప్పుడు, ఇప్పుడు 11కి, ప్రతిసారీ ఇదే పంచాయితీ. ఒకరు అన్నీ మార్చేయాలంటారు, ఇంకొకరు ఏదీ ముట్టుకోవద్దంటారు, ఏ మెషీన్‌కి ఆ మెషీన్ విడిగా చూసేవాళ్లు తక్కువ.

ముందు నాన్నగారి మాట తీసుకుందాం. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది, అయినా సిస్టమ్ ఆ రోజు ఎట్లా నడిచిందో మర్నాడు కూడా అట్లాగే నడిచింది, అందుకే చాలామందికి ఏమీ కాలేదు కదా అనిపిస్తది. ఆగింది సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే విండోస్‌లో లోపాల్ని సరిచేసే అప్‌డేట్లు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు రిలీజ్ చేస్తది. 10కి, 11కి లోపల కోడ్ చాలావరకు ఒకటే, కాబట్టి 11లో ఒక లోపం దొరికి దాన్ని సరిచేశారంటే అదే లోపం 10లో కూడా ఉండే అవకాశం ఎక్కువ. దొంగ పని చేసేవాళ్లు ఆ ప్యాచ్‌ని విప్పి, పాత ఫైల్‌కీ కొత్త ఫైల్‌కీ తేడా చూసి లోపం ఎక్కడుందో కనిపెడతారు. 11 వాడేవాళ్లకి తాళం పడింది, 10 వాడేవాళ్లకి తలుపు ఎక్కడ తెరిచి ఉందో ఆ ప్యాచే చూపించేసింది. నెల గడిచేకొద్దీ ఇట్లాంటివి పోగవుతుంటాయి. అందుకే "ఆర్నెల్లుగా ఏం కాలేదు" అనేది ధైర్యం ఇచ్చే మాట కాదండి, రిస్క్ ఆర్నెల్లది జమ అయిందని అర్థం.

2017లో వాన్నాక్రై అని, సిస్టమ్‌ని లాక్ చేసి డబ్బులడిగే వైరస్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. ఆ లోపానికి ప్యాచ్ మార్చిలోనే ఇచ్చేశారు, దాడి మే 12న మొదలైంది. మధ్యలో రెండు నెలలు టైమ్ ఉన్నా అప్‌డేట్ వేయని సిస్టమ్‌లు ప్రపంచమంతా లాక్ అయిపోయినయి, ఆంధ్రాలో పోలీస్ శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బ తిన్నయని అప్పుడు పేపర్లలో వచ్చింది. ప్యాచ్ ఉండి వేయని వాళ్ల సంగతే అది, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ తీసుకోకపోతే ఇప్పుడు 10కి అసలు ప్యాచే రావట్లేదు.

యాంటీవైరస్ ఉందిగా అని అడుగుతారు, అందరూ అడుగుతారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్లు 2028 అక్టోబర్ దాకా వస్తాయి, అది మంచిదే, తెలిసిన వైరస్ ఫైల్ వస్తే పట్టుకుంటది. కానీ విండోస్ లోపలే ఉన్న రంధ్రాన్ని అది పూడ్చలేదు. మీది ట్యాక్స్ ఆఫీసు, క్లయింట్ల ప్యాన్, ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ పాస్‌వర్డ్‌లు (ఒక ఎక్సెల్ షీట్‌లో రాసిపెట్టి ఉంటాయి, నేను చూసిన ఆడిటర్ ఆఫీసుల్లో లేని చోటు అరుదు), పైగా డ్రాయర్‌లో నలుగురైదుగురి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ఆన్‌లైన్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటివి). పోతే మీ డేటా ఒక్కటే కాదు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినోళ్లది కూడా పోతది. అదే ఇంట్లో పాటలు వినడానికి వాడే సిస్టమ్ అయితే నేను ఇంత గట్టిగా చెప్పను.

ఇక షాపాయన మాట. ఆయన తప్పు చెప్పలేదు, సపోర్ట్ నిజంగానే అయిపోయింది. కాకపోతే రెండు వేరే వేరే విషయాల్ని ఒకే బిల్లులో కలిపేశాడు. సిస్టమ్ స్లోగా ఉండటం ఒకటి, సపోర్ట్ లేకపోవడం ఇంకొకటి. మీరు "ఆన్ చేస్తే టీ తాగొచ్చేదాకా డెస్క్‌టాప్ రాదు, ట్యాలీ ఓపెన్ చేస్తే హ్యాంగ్" అని రాశారు చూడండి, అది విండోస్ 10 వల్ల కాదు, హార్డ్ డిస్క్ వల్ల. టాస్క్ మేనేజర్ తీసి డిస్క్ కాలమ్ చూడండి, పొద్దున ఆన్ చేసిన కాసేపటి దాకా అది 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడి ఉంటది, ప్రాసెసర్ మాత్రం పది పదిహేను దాటదు. అంటే ఐ5 ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. ఐ5 8400 ఆరు కోర్ల ప్రాసెసర్ అండీ, ట్యాలీకి, ఎక్సెల్‌కి, పది క్రోమ్ ట్యాబ్‌లకి ఇంకా చాలా ఏళ్లు సరిపోతది. దాన్ని స్క్రాప్ రేటుకి ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయడం నాకు అస్సలు నచ్చని పని.

స్పీడ్ కోసం విండోస్ 11కి మారొద్దు, నిరాశ పడతారు. హార్డ్ డిస్క్ మీద 11 వేస్తే 10 కంటే ఇంకా ఇబ్బంది పెడతది. స్పీడ్ కావాలంటే ఎస్ఎస్‌డీ, సేఫ్టీ కావాలంటే 11. మీకు రెండూ కావాలి, రెండూ ఈ మెషీన్లలోనే దొరుకుతాయి. కొత్త ఫీచర్ల సంగతంటారా, ఫోల్డర్లలో ట్యాబ్‌లు వచ్చాయి, విండోలు పక్కపక్కన సర్దుకోవడం సులువైంది, ఆఫీసు పనికి అంతకంటే చెప్పుకోదగ్గది లేదు. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని నాన్నగారు విసుక్కుంటారు, సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్ ఎలైన్‌మెంట్ లెఫ్ట్ అని పెట్టేయండి, సగం గొడవ అక్కడే తీరిపోతది.

ఖర్చు లెక్క చూద్దాం. జెన్యూన్ విండోస్ 10 ఉన్న, అర్హత ఉన్న సిస్టమ్‌కి 11 అప్‌గ్రేడ్ ఉచితం, ఒక్క రూపాయి లైసెన్స్ ఖర్చు లేదు. హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో వస్తది. షాపులో "విండోస్ 11 లైసెన్స్ చార్జ్" అని ఒక లైన్ రాసి ఉంటే అది దేనికో అడగండి. కొత్తగా రిటైల్ లైసెన్స్ కొంటే హోమ్ ఎడిషనే పది వేలకు పైన పడతది, కాబట్టి మీ దగ్గర ఉన్న లైసెన్స్ అసలుదేనా అన్నది ముందు తేల్చుకోండి.

ఇది తేల్చే పద్ధతి ఒకటి ఉంది, రెండు నిమిషాల పని. స్టార్ట్‌లో సీఎండీ ఓపెన్ చేసి ఎస్ఎల్ఎంజీఆర్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్ఐ కొట్టండి. చిన్న బాక్స్ వస్తది, దాంట్లో డిస్క్రిప్షన్ అనే లైన్ చదవండి. ఓఈఎం (సిస్టమ్‌తో పాటే వచ్చింది) అని గానీ రిటైల్ (విడిగా కొన్నది) అని గానీ ఉంటే సంతోషం. "వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్" అని ఉందనుకోండి, అది పెద్ద కంపెనీల్లో సొంత సర్వర్‌తో యాక్టివేట్ చేసే రకం, నాలుగు సిస్టమ్‌ల ఆఫీసులో అది కనిపించిందంటే ఎవరో ఫార్మాట్ కొట్టినప్పుడు క్రాక్ పెట్టి పోయారన్నమాట. అట్లాంటి క్రాక్‌లు రన్ అవ్వడానికి డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్ పెడతారు, అంటే ఫలానా ఫోల్డర్‌ని చూడొద్దని యాంటీవైరస్‌కే చెప్పేస్తారు. డిఫెండర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజన్స్ లిస్ట్ తీసి చూడండి, మీకు తెలియని ఫోల్డర్ పేరు ఉంటే ఆ సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేయకుండా మొత్తం తుడిచి ఫ్రెష్‌గా వేయించాలి. ఆన్‌లైన్‌లో ఐదొందలకీ ఏడొందలకీ అమ్మే కీలు కూడా చాలావరకు ఏదో కంపెనీ వాల్యూమ్ కీలే, ఈరోజు యాక్టివేట్ అవుతాయి, ఎప్పుడు బ్లాక్ అవుతాయో చెప్పలేం. ఆడిట్ పనులు చేసే ఆఫీసులో అట్లాంటిది పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

ఎస్ఎస్‌డీ రేటు నేను ఇక్కడ రాయను, 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ రేట్లు బాగా ఎగబాకాయి, మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకి మళ్లడం వల్ల, ఈ వారం ఉన్న రేటు వచ్చే వారం ఉండట్లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి రెండు మూడు షాపుల్లో అడగండి, జీఎస్టీ బిల్లు, వారంటీ రాసిస్తారా అని అడగండి, బిల్లు లేకుండా రెండొందలు తగ్గిస్తానంటే వద్దనండి. 500 జీబీ రకం తీసుకోండి. 256 చాలదని కాదు గానీ, మీ డేటా మొత్తం ఒకే దాంట్లో పడితే పాత హార్డ్ డిస్క్ ఖాళీ అవుతది, దాని ఉపయోగం కింద చెప్తా.

అసలు ఖర్చు లైసెన్స్‌లోనూ లేదు, ఎస్ఎస్‌డీలోనూ లేదండి, అప్‌గ్రేడ్ అయ్యాక ఏదో ఒకటి పనిచేయక ఆఫీసు ఆగిపోతే అక్కడ ఉంది. దాన్ని ఎవరూ కొటేషన్‌లో రాయరు. నేను ఒక సిస్టమ్‌కి పూట పక్కన పెడతా, ఇన్‌స్టాల్ గంట గంటన్నరలో అయిపోయినా సరే, మిగతా టైమంతా ముందు చెకింగ్, తర్వాత చెకింగ్.

ఎప్పుడు చేయాలి: మీకు నేను చెప్పక్కర్లేదు, జీఎస్టీ రిటర్న్‌లు నెలలో 11 లోపు జీఎస్టీఆర్ వన్, 20 లోపు త్రీబీ. 20 దాటిన తర్వాత శనివారం పెట్టుకోండి. ఒకే రోజు రెండూ చేయొద్దు, ఒకటి చేసి వారం వాడి చూసి రెండోది చేయండి. రిటర్న్‌ల సీజన్‌లో అస్సలు ముట్టుకోవద్దు.

డిస్క్ ఆరోగ్యం: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటది, అది వేసి చూడండి. గుడ్ అని నీలం రంగులో వస్తే ముందుకెళ్లండి. కాషన్ అని పసుపు వస్తే అప్‌గ్రేడ్ మాట పక్కన పెట్టి ఆ నిమిషమే డేటా వేరే చోటుకి కాపీ చేయండి. అప్‌గ్రేడ్ అంటే డిస్క్ మీద గంటసేపు ఆపకుండా చదవడం, రాయడం, కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ ఒత్తిడికే పోతది, తర్వాత విండోస్ 11 వల్లే పోయిందని అందరూ అంటారు.

క్లోన్ చేసి తర్వాత అప్‌గ్రేడ్: ముందు హార్డ్ డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టు ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేయించండి, దాని మీద విండోస్ 10 సరిగ్గా బూట్ అయిందని చూడండి, హార్డ్ డిస్క్ వైర్ తీసేసి డేట్ రాసి బీరువాలో పెట్టండి, ఆ తర్వాత ఎస్ఎస్‌డీ మీద 11 వేయండి. ఏదైనా తేడా వస్తే వైర్ మార్చి పాత డిస్క్ పెట్టేస్తే పది నిమిషాల్లో ఆఫీసు మళ్లీ నడుస్తది. విండోస్‌లో కూడా గో బ్యాక్ అని ఒక ఆప్షన్ ఉంటది, అది 10 రోజులే పనిచేస్తది, పైగా మధ్యలో ఎవరైనా డిస్క్ క్లీనప్ కొట్టి పాత ఫైళ్లు తీసేస్తే అదీ ఉండదు. నెల రోజులు అంతా బాగుంటే ఆ హార్డ్ డిస్క్‌ని ఫార్మాట్ చేసి ఒక కేసింగ్‌లో పెట్టి బ్యాకప్ డిస్క్‌గా వాడుకోండి, 500 జీబీ ఎందుకన్నానో ఇదీ కారణం.

మీరు పీసీ హెల్త్ చెక్ యాప్ వేస్తే ఆ ఐ5ల మీద కూడా "ఈ పీసీ విండోస్ 11కి పనికిరాదు" అని వచ్చిందన్నారు, షాపాయన కూడా అదే చూపించి ఉంటాడు. కంగారు పడకండి, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి విండోస్ 11 సపోర్ట్ చేసే ప్రాసెసర్ల లిస్ట్‌లో ఉన్నాయి, ఐ5 8400 అందులో ఉంది. ఇక్కడ రెండు విషయాలు ఉంటాయి. ఒకటి, టీపీఎం (11 అడిగే సెక్యూరిటీ చిప్) బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు ఉండే సిస్టమ్ సెటప్‌లో, ఆఫ్‌లో ఉంటది, అసెంబుల్డ్ సిస్టమ్‌లలో చాలావాటికి అట్లాగే వచ్చేది, బయాస్‌లోకి వెళ్లి ఇంటెల్ పీటీటీ అనేదాన్ని ఎనేబుల్ చేయాలి, విడిగా చిప్ కొనక్కర్లేదు. రెండోది, మన దగ్గర షాపుల్లో పాత అలవాటు కొద్దీ లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతి), ఎంబీఆర్ అనే పాత రకం పార్టిషన్ల డిస్క్ మీద విండోస్ వేసేవాళ్లు, 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి. దీనికి మళ్లీ ఫార్మాట్ కొట్టక్కర్లేదు, ఎంబీఆర్2జీపీటీ అని విండోస్‌లోనే టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తది. ముందు టూల్‌తో డిస్క్ మార్చి, ఆ తర్వాతే బయాస్‌లో యూఈఎఫ్ఐ పెట్టాలి, తిరగేసి చేస్తే సిస్టమ్ బూట్ అవ్వదు. మీకు చేయి తిరగకపోతే టెక్నీషియన్‌ని పిలవండి, కానీ ఈ మాట అతనికి చెప్పండి, ఎందుకంటే చాలామంది కుర్రాళ్లు "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అనే దగ్గరే మొదలుపెడతారు, వాళ్లకి అది సులువు, మీకు మాత్రం ట్యాలీ, టోకెన్ డ్రైవర్లు, ప్రింటర్లు అన్నీ మళ్లీ మొదటి నుంచి.

అప్‌గ్రేడ్ అయ్యాక ఆఫీసుల్లో నన్ను ఎక్కువ పిలిచేది షేరింగ్ కోసం. ట్యాలీ డేటా ఒక సిస్టమ్‌లో పెట్టి మిగతావాళ్లు నెట్‌వర్క్‌లో ఓపెన్ చేస్తారు కదా, పాస్‌వర్డ్ లేకుండా ఎవరీవన్ అని ఇచ్చేసి ఉంటది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో ఇట్లా పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ని ఒప్పుకోవట్లేదు, సైనింగ్ (వచ్చే డేటా మధ్యలో మారలేదని చెక్ చేయడం) కూడా తప్పనిసరి చేశారు. దాంతో సోమవారం పొద్దున ఫోల్డర్ ఓపెన్ అవ్వదు, అందరూ వైరస్ అనుకుంటారు. నెట్‌లో చూసి ఆ సెక్యూరిటీని ఆఫ్ చేసే చిట్కాలు వేయకండి. డేటా ఉన్న సిస్టమ్‌లో ఒక యూజర్ క్రియేట్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి, ఆ యూజర్‌కే ఫోల్డర్ షేర్ చేయండి, మిగతా సిస్టమ్‌లలో ఒక్కసారి ఆ పాస్‌వర్డ్ కొట్టి సేవ్ చేయండి, అయిపోయింది.

ప్రింటర్ల గురించి అడిగారు. హెచ్‌పీ 1020, క్యానన్ 2900, ఈ రెండూ హైదరాబాద్‌లో ఏ జిరాక్స్ షాపులో చూసినా ఉంటాయి, రెండిటికీ 64 బిట్ డ్రైవర్లు ఉన్నాయి, 11 మీద నేను చూసే ఆఫీసుల్లో నడుస్తున్నాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మాత్రం సోమవారం దాకా ఆగకుండా అదే రోజు గుచ్చి, పోర్టల్‌లో లాగిన్ అయి, సంతకం దాకా వెళ్లి చూడండి. డ్రైవర్ మళ్లీ వేయాల్సి రావచ్చు.

64 బిట్ అన్నాను కదా, ఇది చిన్న మాట కాదు. విండోస్ 11కి 32 బిట్ వెర్షన్ లేనే లేదు. మీ ఐ3లో 4 జీబీ ర్యామ్ కాబట్టి దాంట్లో 32 బిట్ ఉండొచ్చు, చూసుకోండి. చిక్కడపల్లిలో నేను చూసే ఒక డీటీపీ షాపుంది, శుభలేఖలు, కరపత్రాలు చేస్తారు. వాళ్ల దగ్గర పేజ్‌మేకర్‌లో పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లు ఏళ్ల తరబడివి ఉన్నాయి, ఆ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ నడవాలంటే వెనకాల ఒక డాంగిల్ (లైసెన్స్ ఉందని చూపించే చిన్న పరికరం) గుచ్చి ఉండాలి. ఆ డాంగిల్‌కి ఉన్నది 32 బిట్ డ్రైవర్ ఒక్కటే, 64 బిట్ విండోస్ దాన్ని లోపలికే రానివ్వదు. ఓనర్ గారు చాలా మంచివారు, మార్చేద్దాం అనే అన్నారు, నేనే వద్దన్నా. ఆ సిస్టమ్‌ని అట్లాగే ఉంచి నెట్ కేబుల్ పీకేశాం, వైఫై డాంగిల్ కూడా తీసేశాం. పక్కన ఒక మామూలు విండోస్ 11 సిస్టమ్ పెట్టాం, కస్టమర్లు పంపే వాట్సాప్ ఫొటోలు, మెయిల్స్ అన్నీ దాంట్లో, అక్కడ స్కాన్ అయిన ఫైల్ మాత్రమే పెన్‌డ్రైవ్‌లో పాతదానికి వెళ్తది. కొత్త పనులు నెమ్మదిగా యూనికోడ్‌కి మారుతున్నాయి. అంటే అప్‌గ్రేడ్ చేయకపోవడమే సరైన పని అయ్యే చోట్లు ఉంటాయి, కానీ అప్పుడు ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ ఉండకూడదు. నెట్ కావాలి, పాత విండోస్ కూడా కావాలి అంటే కుదరదు.

ఇంకో జాగ్రత్త, ఇది కొత్త సిస్టమ్ కొన్నా, 11 ఫ్రెష్‌గా వేసినా వర్తిస్తది. 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా సిస్టమ్‌లలో డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోతది. దొంగ ఎత్తుకెళ్లినా డేటా చదవలేడు, మంచి సంగతే. కానీ దాని రికవరీ కీ ఏ అకౌంట్‌తో సెటప్ చేశారో ఆ అకౌంట్‌లో ఉంటది. మల్కాజిగిరిలో ఒక టీచరమ్మ ల్యాప్‌టాప్ సెటప్ అంతా షాపు కుర్రాడు తన సొంత అకౌంట్ పెట్టి చేసిచ్చాడు, ఆవిడకి తెలియదు. ఒకరోజు బయాస్ అప్‌డేట్ అయ్యాక నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగింది. ఆ కుర్రాడు అప్పటికే షాపు మానేశాడు, అతన్ని వెతికి పట్టుకుని, అతని అకౌంట్‌లోంచి కీ తీయిస్తే గానీ పిల్లల ఫొటోలు, ఆవిడ సర్వీసు కాగితాల స్కాన్లు బయటికి రాలేదు. అతను దొరక్కపోయుంటే అంతే సంగతులు. కాబట్టి సెటప్ అప్పుడు మీరు పక్కన కూర్చుని మీ అకౌంట్ పెట్టండి, రికవరీ కీ ప్రింట్ తీసి టోకెన్లు పెట్టే డ్రాయర్‌లో కాకుండా ఇంట్లో పెట్టండి.

ఇక ల్యాప్‌టాప్. ఐ5 7200యూ ఏడో జనరేషన్, అందులో టీపీఎం 2.0 ఉన్నా సరే లిస్ట్‌లో లేదు, ఒక్క జనరేషన్ తేడాతో బయట పడిపోయింది. (జనరేషన్ చూసుకోవడం రాకపోతే, ఐ5 తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె, ఐదుంటే మొదటి రెండు. 1005, 1135 లాంటివి నాలుగంకెలే అయినా 10, 11 జనరేషన్లు.) దీనికి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ ప్రోగ్రామ్ ఉంది, ఇళ్లలో వాడేవాళ్ల కోసం పెట్టింది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఉంటే వాడొచ్చు, లేదా విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సింక్ చేస్తే ఫ్రీ. మూడోదే చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు. వెర్షన్ 22హెచ్2 ఉండాలి, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింక్ కనిపిస్తది. 2026 అక్టోబర్ 13 వరకే, అది దాటాక ఈ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పనులు ఆపేసేయండి. కంపెనీ డొమైన్‌లో (కంపెనీ సర్వర్ కంట్రోల్‌లో) జాయిన్ చేసిన మెషీన్లకి ఈ స్కీమ్ రాదు, వాళ్లకి వేరే, మొదటి ఏడాది సిస్టమ్‌కి 61 డాలర్లు, ఏటా రెట్టింపు అవుతది. మీకు అది అక్కర్లేదు.

అన్నట్టు ఆఫీసులో ఎంఎస్ ఆఫీస్ 2016 గానీ 2019 గానీ ఉంటే వాటి సపోర్ట్ కూడా అదే 2025 అక్టోబర్ 14న అయిపోయింది. క్లయింట్ల నుంచి మెయిల్‌లో వచ్చే ఎక్సెల్ ఫైళ్లు రోజంతా ఓపెన్ చేసే ఆఫీసు మీది, దీన్ని కూడా లెక్కలో వేసుకోండి.

చివరిగా ఐ3. "ఏ సిస్టమ్‌కైనా 11 వేసేస్తాం" అని ఎవరో చెప్పారని రాశారు. వేయొచ్చు, చెకింగ్‌ని దాటేసే పద్ధతులు ఉన్నాయి, నాలుగో జనరేషన్ మీద నడుస్తది కూడా. కానీ అట్లా వేసిన సిస్టమ్‌లకి అప్‌డేట్స్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వట్లేదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, ప్రతిసారీ మళ్లీ అదే పద్ధతిలో వేసుకోవాలి. మనం మారేదే అప్‌డేట్స్ కోసం అయినప్పుడు వాటికే గ్యారంటీ లేని దారి ఎందుకు? పైగా 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, దాని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగే. ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ వేసి పిల్లలకి ఇవ్వండి, బ్రౌజింగ్‌కి బాగుంటది, తెలుగు టైపింగ్ కూడా వస్తది, ఖర్చు లేదు. ట్యాలీ, టోకెన్లు ఉన్న సీటుకి మాత్రం లినక్స్ పెట్టి తిప్పలు పడొద్దు.

దాని బదులు కొనేది రీఫర్బిష్డ్ అయినా నాకు అభ్యంతరం లేదు. హైటెక్ సిటీ కంపెనీలు తీసేసిన డెస్క్‌టాప్‌లు, చిన్న డబ్బా సైజువి, ఎనిమిదో తొమ్మిదో జనరేషన్‌వి సీటీసీలో దొరుకుతాయి, కొత్తదానికంటే బాగా తక్కువ. కొనేముందు షాపులోనే రీసెట్ కొట్టించి, నెట్ కనెక్ట్ చేసి మొదటి సెటప్ స్క్రీన్ దాకా రమ్మనండి. అక్కడ ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ లాగిన్ అడిగిందంటే అది ఇంకా వాళ్ల రిజిస్టర్‌లోనే ఉంది, తీసుకోకండి, ఇప్పుడు దాటేసినా తర్వాత రీసెట్ చేసిన ప్రతిసారీ అదే వస్తది. బయాస్‌కి పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడండి.

ఐ3ని పిల్లలకి ఇచ్చినా, ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చినా, స్క్రాప్‌కి వేసినా దాంట్లో హార్డ్ డిస్క్ మాత్రం ముందు తీసేయండి, లేదా మొత్తం తుడిపించండి. మామూలుగా డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా ఫైళ్లు లోపల ఉంటాయి, ఫ్రీ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికొస్తాయి. పార్టిషన్లన్నిటికీ క్విక్ అనే టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేయాలి, అప్పుడు విండోస్ మొత్తం సున్నాలు రాస్తది, పెద్ద డిస్క్ అయితే గంటలు పడతది, రాత్రి పెట్టి వదిలేయండి. ఏళ్లుగా మీ క్లయింట్లు ఇచ్చిన ప్యాన్ కార్డులన్నీ దాంట్లో ఉన్నాయి. ఎస్ఎల్ఎంజీఆర్ బాక్స్‌లో ఏమొచ్చిందో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఏ రంగు వచ్చిందో రెండు ఐ5లవీ ఇక్కడ పెట్టండి, ఫ్రెష్‌గా వేయాలా అప్‌గ్రేడ్ సరిపోతదా చూసి చెప్తా.